మిట్టమధ్యాహ్నం రొయ్యలు

తన ఎదుట వాగులోని ప్రాణులకు భయం పోయిందన్న సంగతి గురువుకు ఎలా చెప్పాలో పండరికి తెలియలేదు. చెబితే గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుంది. చెప్పకపోతే దాచుకున్నట్టు ఉంటుంది. రెండు పున్నములు మఠానికి వెళ్లి, ఆ మాట నోటి దాకా తెచ్చుకొని, మింగేసి తిరిగి వచ్చాడు.

మఠం అంటే పెద్దదేం కాదు. గుట్ట వాలులో రెండు పెంకుటిళ్లు, చుట్టూ సీతాఫలం చెట్లు. రాళ్ల సందులోంచి ఒక ఊట కారి, సన్నటి కాలువై కిందికి పోతుంది. అక్కడ బాగమ్మవ్వ ఉంటుంది. బెస్తవాళ్ల ఇంటి బిడ్డ. మొగుడు పోయాక కదలని పరమే సత్యమని బోధించే అచల గురువుల వెంట తిరిగి, వాళ్లలో ఒకరి దగ్గర ఉపదేశం తీసుకొని, డెబ్బై దాటిన వయసులో ఇప్పుడు తనే గురువు. చాలా తక్కువ మాట్లాడుతుంది. ఎవరైనా బాధ చెప్పుకుంటే చివరి దాకా వింటుంది. చాలాసార్లు అంతే.

పండరి పదకొండేళ్ల క్రితం ఆమె దగ్గరికి వచ్చాడు. అప్పుడతను కరెంటు స్తంభాలెక్కే పనిలో ఉండేవాడు. ఒకనాడు తోటి మనిషి స్తంభం మీద పని చేస్తుండగా, ఆగి ఉండాల్సిన లైనులోకి కరెంటు వచ్చింది. పండరి కింద తాడు పట్టుకొని నిలబడి ఉన్నాడు. పైన ఆ మనిషి తీగను వదల్లేక వేలాడటం చూశాడు. ఆ తరవాత పండరి మళ్లీ స్తంభం ఎక్కలేదు. ఇంట్లో స్విచ్చి వేయాలన్నా చేతులు వణికేవి. గిన్నె కింద పడితే గుండె ఆగినట్టయ్యేది. ఏ మందూ పని చేయక, ఎవరో చెబితే బాగమ్మవ్వను వెతుక్కుంటూ వచ్చాడు.

"భయం పోవాలె అవ్వా" అన్నాడు ఆ రోజు.

"కూసో" అన్నది ఆమె.

అలా కూర్చున్నవాడు పదేళ్లు కూర్చున్నాడు. భయం పోలేదు. కొంచెం సర్దుకుంది, అంతే.

కిందటి ఆషాఢంలో పండరి ఒక నియమం పట్టాడు. గుట్ట దిగి గుండ్లవాగు ఒడ్డున చిన్న గుడిసె వేసుకుంటాడు. ఏడాది పాటు ఒంటరిగా ఉంటాడు. వాగు నీళ్లే తాగుతాడు, వాగు నీళ్లతోనే వండుకుంటాడు. పున్నమికి పున్నమికి మాత్రం పైకి వచ్చి గురువును చూస్తాడు. బాగమ్మవ్వ వద్దనలేదు, సరేననలేదు.

"నీ ఇష్టం" అన్నది.

కార్తీకం వచ్చేసరికి పండరికి భయం పోయింది.

పోయిన క్షణం అతనికి తెలియలేదు. ఒక సాయంత్రం వాగు అవతల తాటిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు మొవ్వు భగ్గున మండింది. అది ఆరిపోయేదాకా పండరి చూస్తూ కూర్చున్నాడు. తరవాత అన్నం వండుకుంటుండగా అప్పుడు గుర్తొచ్చింది, తాను ఉలిక్కిపడలేదని. ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని చూసుకున్నాడు. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. లోపల ఎక్కడ తడిమినా అలజడి లేదు. తెల్లటి గోడ లాగా ఉంది.

ఇదే కాబోలు అనుకున్నాడు.

మాఘంలో నీళ్లు తగ్గి, వాగు అడుగు కనిపించసాగింది. అప్పుడు రొయ్యలు వచ్చాయి.

వాగు రొయ్యలు గాజుముక్కల్లా ఉంటాయి. పగలు రాళ్ల కింద, కుళ్లిన ఆకుల కింద నక్కి ఉంటాయి. మనిషి నీడ పడితే చాలు, తోక కొట్టి వెనక్కి ఎగిరి మాయమవుతాయి. పండరి వాటిని అన్నేళ్లలో సరిగ్గా చూసింది లేదు. అలాంటివి ఒకనాడు మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన ఎండ కాస్తుంటే, అతను రోజూ కూర్చునే బండ ముందున్న తెల్లటి ఇసుక మీదికి వచ్చి నిలబడ్డాయి. ఒకటి కాదు, పది కాదు. ఇసుక కనపడనన్ని. అన్నీ వెలుతురు వైపు తలలెత్తి, సన్నటి మీసాలు కదుపుతూ ఊరికే నిలబడ్డాయి.

పండరి కాలు నీళ్లలో పెట్టాడు. అవి పారిపోలేదు. వచ్చి వేళ్ల మధ్య నిలబడ్డాయి.

ఆ రోజు అతని కళ్లలో నీళ్లు తిరగాల్సింది. తిరగలేదు. దాన్ని కూడా స్థిమితం అనుకున్నాడు.

తరవాత ఎండ్రకాయలు. ఒడ్డున బొరియల ముందు కూర్చొని, నీడ పడినా లోపలికి పోకుండా అతన్నే చూస్తూ ఉండేవి. తరవాత నత్తలు. అవి బండలను గట్టిగా కరుచుకొని ఉండేవి, కత్తితో లేపినా రానంత గట్టిగా. ఇప్పుడు ఒకటొకటే పట్టు వదిలి, వెల్లకిలా తేలి, మెల్లగా తిరుగుతూ కిందికి కొట్టుకుపోతున్నాయి. పండరి వాటిని చూసి, అవి కూడా పట్టు విడిచాయి అనుకున్నాడు.

ఒక పొద్దున కొంగ వచ్చింది. ఇసుక మీద రొయ్యల మధ్యకు నడిచి, ఒకదాన్ని పొడిచి మింగింది. పక్కనున్నది కదల్లేదు. దాన్నీ మింగింది. మూడోది కొంగ కాలి దగ్గరికి వచ్చి, ఆ కాలిని మీసాలతో తడుముతూ నిలబడింది. కొంగ తల వంచి ఒక్క క్షణం దాన్ని చూసింది, అర్థం కానట్టు. తరవాత మింగింది.

చావు ఎదురొచ్చినా చలించడం లేదంటే ఇంతకన్నా ఏం కావాలి, అనుకున్నాడు పండరి.

ఆ ఏడు వాగు మీద తూనీగలు లేవు. పొద్దు గుంకే వేళ నీళ్ల పైన గుంపులుగా లేచే చిన్న పురుగులూ లేవు. కొన్నాళ్లకు కొంగ రావడం మానేసింది. పండరి వీటిని గమనించకపోలేదు. చప్పుడు తగ్గేకొద్దీ తన సాధన పండుతోందనుకున్నాడు.

మొదట చూసింది లింగవ్వ. మాసానిపల్లె మనిషి. వాగులో వేర్ల సందున వెదురుబుట్ట పెట్టి రొయ్యలు, ఎండ్రకాయలు పట్టి అంగట్లో అమ్ముకుంటుంది. ఒకనాడు ఆమె బుట్ట చంకన పెట్టుకొని మలుపు తిరిగేసరికి, నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చున్న పండరి కనిపించాడు. కాళ్ల చుట్టూ రొయ్యలు. ఆమె నీళ్ల దాకా వచ్చింది. వంగి దోసిలి ముంచితే దోసిలి నిండా వచ్చాయి. ఒక్కటీ ఎగరలేదు.

"ఇరవై ఏండ్ల సంది పడుతున్న సామీ" అన్నది. "ఇవి ఎన్నడు చేతికి రాలే."

ఆమె ఊళ్లో చెప్పింది. మరునాడు నలుగురు వచ్చారు. వారం తిరిగేసరికి నలభై మంది. బండ ముందు కూర్చొని రొయ్యలను, పండరిని మార్చి మార్చి చూసేవాళ్లు. పోయేటప్పుడు అతని కాళ్ల దగ్గరి నీళ్లు సీసాల్లో పట్టుకుపోయేవాళ్లు. పిల్లలు దడుచుకోకుండా, నిద్రలో ఉలిక్కిపడకుండా పట్టిస్తామని చెప్పేవాళ్లు. మొదటి రోజు పండరి వద్దనబోయాడు. రెండో రోజు ఊరుకున్నాడు. మూడో రోజు, లింగవ్వ సీసా చాపితే, తనే ముంచి ఇచ్చాడు.

ఫాల్గుణంలో అతని మేనల్లుడు వెతుక్కుంటూ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. బండ కింద నిలబడి, "మామా, అమ్మ పోయింది" అన్నాడు.

అమ్మ అంటే పండరి అక్క. తల్లి లేని పండరిని ఎత్తుకొని పెంచిన అక్క. పండరి మేనల్లుడి వైపు చూసి, "సరే" అన్నాడు. మళ్లీ నీళ్ల వైపు తిరిగాడు. మేనల్లుడు ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక పండరి అక్క ముఖం గుర్తు చేసుకున్నాడు. ముఖం వచ్చింది. ముక్కుపుడక, పై పెదవి మీద చిన్న మచ్చ, అన్నీ వచ్చాయి. వాటితో పాటు ఇంకేమీ రాలేదు.

ఇక దాచకూడదనుకున్నాడు. చైత్ర పున్నమి పొద్దున గుట్ట ఎక్కి, బాగమ్మవ్వ ముందు కూర్చున్నాడు. ఆమె చేటలో కందులు పోసుకొని రాళ్లు ఏరుతోంది.

"అవ్వా, ఒక మాట చెప్పాలె."

"చెప్పు."

పండరి అన్నీ చెప్పాడు. పిడుగు, రొయ్యలు, నత్తలు, కొంగ. వచ్చే జనం. ఆఖరున అక్క సంగతి. చెబుతున్నంతసేపూ గొంతులో వినయం పెట్టడానికి ప్రయత్నించాడు. బాగమ్మవ్వ చేతులు రొయ్యల మాట దగ్గర ఒకసారి ఆగాయి. అక్క మాట దగ్గర ఇంకోసారి ఆగాయి.

"మీ అక్కకు ఏడ్చినవా?"

"లేదవ్వా."

"ఆపుకున్నవా, రాలేదా?"

పండరి ఆలోచించాడు. "రాలేదు."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో మెప్పు ఉందేమోనని వెతికాడు. లేదు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు మీద చెయ్యి పెట్టి చూసేవాళ్ల చూపు అది.

"యాడి నీళ్లు తాగుతున్నవు?"

"వాగువే. నేను కూసునే కాడియి."

"రేపు పొద్దుగాల ఒక బిందె అవే నీళ్లు తీసుకరా" అని మళ్లీ కందులు ఏరుకుంది.

మరునాడు బిందెతో వచ్చేసరికి మఠం వెనక రెండు మట్టి తొట్లు పెట్టి ఉన్నాయి. ఒకదాని నిండా ఊట నీళ్లు. రెండోదాంట్లో వాగు నీళ్లు పోయించింది. తరవాత కొంగు బిగించి, ఊట కాలువ దగ్గరికి నడిచింది. డెబ్బై దాటిన మనిషి మోకాటి లోతు నీళ్లలో దిగి, వంగి, ఒక్కో రాయీ మెల్లగా జరిపింది. రొయ్యలు తళుక్కున వెనక్కి ఎగిరి ఇంకో రాయి కిందికి పోతున్నాయి. ఆమె కొంగు నీళ్లలో పరిచి, ఊపిరి బిగబట్టి, ఒకదాన్ని ఎత్తేది. నాలుగు పోయేవి. చిన్నప్పుడు తండ్రి వెంట వాగుల్లో తిరిగిన చేతులవి. అయినా ఆరు రొయ్యలు దొరికేసరికి పొద్దు బాగా పైకెక్కింది.

మూడు ఈ తొట్టిలో, మూడు ఆ తొట్టిలో వేసింది. రెండింటిలోనూ ఒక పగిలిన పెంకు, గుప్పెడు ఎండుటాకులు. కన్ను మూసి తెరిచేలోగా ఆరూ పెంకుల కిందికి దూరాయి.

"ఎనిమిది దినాలు ఈడనే ఉండు" అన్నది పండరితో. "దినాం పొద్దున ఒక బిందె వాగు నీళ్లు తెచ్చి గడప కాడ పెట్టు. నువ్వు మాత్రం ఇంటి ఎనకకు రాకు. వాటి ఎదురుంగ ఎవలం కూసోవద్దు."

"సరే అవ్వా."

"తిండి ఈడ తిను. నీళ్లు ఊటవి తాగు."

ఎందుకని పండరి అడగలేదు. మూడు రోజులు మామూలుగా గడిచాయి. నాలుగో రోజు కాలువ దగ్గర మొహం కడుక్కొని తల ఎత్తేసరికి, తలలో కరెంటు కొట్టింది.

పోలికకు అన్న మాట కాదు. అతను ఆ పని చేసినవాడు, అది ఎలా ఉంటుందో తెలుసు. కన్ను పక్కకు తిప్పితే చాలు, మెదడులో చిటుక్కున ఒక జలదరింపు, పళ్ల దాకా. రోజంతా అలాగే కొట్టింది. ఐదో రోజు ఒళ్లంతా చెమటలు. తిన్నది ఇమడలేదు. మధ్యాహ్నం కాస్త కళ్లు మూసుకుంటే కలలు. అక్క స్తంభం మీద ఉంది, తాడు తన చేతిలో ఉంది. బాగమ్మవ్వ వచ్చి జావ ఇచ్చింది. తల నిమిరింది.

ఏడో రోజు తిన్న కంచం కడుగుతున్నాడు. కంచం చెయ్యి జారి బండ మీద ఖంగున పడింది. పండరి ఎగిరిపడ్డాడు. గుండె దడదడ కొట్టుకుంది. వంగి కంచం తీయబోతూ, తీయలేక, అక్కడే కూలబడి ఏడ్చాడు. అక్క తనకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. మేనల్లుడి మాసిన గడ్డం గుర్తొచ్చింది. వాడితో తాను "సరే" అన్న మాట గుర్తొచ్చి, నోరు చేత్తో మూసుకున్నాడు.

ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం బాగమ్మవ్వ ఇంటి వెనక నుంచి పిలిచింది.

"రా పండరీ."

ఎండ నేరుగా తొట్ల మీద పడుతోంది. మొదటి తొట్టి, ఊట నీళ్లది, ఖాళీగా ఉన్నట్టుంది. ఆమె పెంకు అంచు పట్టి కొంచెం లేపింది. మూడు రొయ్యలూ ఒక్కసారిగా చెదిరి, తొట్టి గోడకు కొట్టుకొని, అడుగు బురద రేపి ఆకుల కింద దాక్కున్నాయి.

రెండో తొట్టిలో పెంకు లేపాల్సిన పని లేకపోయింది. మూడు రొయ్యలూ పైకి వచ్చి ఉన్నాయి. పెంకు మీద ఎక్కి, తలలు వెలుతురు వైపు ఎత్తి, మీసాలు కదుపుతూ నిలబడి ఉన్నాయి. బాగమ్మవ్వ నీళ్లలో చెయ్యి పెట్టింది. నీడ వాటి మీద పడింది. అవి కదల్లేదు. ఒకటి మెల్లగా నడిచి వచ్చి ఆమె చూపుడువేలు మీద ఎక్కి నిలబడింది.

ఆమె ఆ వేలిని అలాగే ఉంచి, పండరి వైపు చూసింది.

"వీటికి ఉపదేశం ఎవరిచ్చిన్రు బిడ్డా?" అని అడిగింది.

పండరి తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు ఆ వేలి మీద రొయ్యను చూశాడు. తరవాత లేచి, కండువా భుజాన వేసుకొని, గుట్ట దిగాడు. తన గుడిసె దగ్గర ఆగలేదు. నీళ్లు వచ్చే దిక్కుగా వాగు వెంట పైకి నడిచాడు.

పైకి పోయేకొద్దీ చప్పుడు తగ్గింది. మొదట కీచురాళ్లు ఆగిపోయాయి. తరవాత నీటి మీద ఈగ కూడా లేదు. ఒక మడుగు దగ్గర ఎండ్రకాయలు ఒడ్డంతా పరుచుకొని కూర్చున్నాయి. కొన్నిటికి కాళ్లు లేవు. ఏవో తిన్నాయి. తింటుంటే అవి అలాగే కూర్చున్నాయి. పండరి మధ్యలోంచి నడిస్తే దారి ఇవ్వలేదు. చూసి చూసి అడుగులు వేశాడు. ఇంకా పైన నీటి అడుగంతా నత్తలు, వెల్లకిలా, ఖాళీ గిన్నెలు బోర్లించకుండా పడేసినట్టు.

గంటన్నర నడిచాక తెల్లటి ప్రహరీ గోడ కనిపించింది. గోడ కింద నుంచి ఒక గొట్టం. గొట్టంలోంచి నీళ్లు నిదానంగా వాగులో పడుతున్నాయి. నల్లగా లేవు. తేటగానే ఉన్నాయి. దగ్గరికి పోతే వెచ్చగా, తియ్యటి మందు వాసన.

గేటు దగ్గర ఖాకీ చొక్కా వాచ్‌మన్ స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. నడివయసు మనిషి, మర్యాదస్తుడు. పండరి మెడలో రుద్రాక్ష చూసి లేచి నిలబడ్డాడు.

"ఈడ ఏం తయారు చేస్తరు?" అని అడిగాడు పండరి.

"గోలీలు సామీ. మందు గోలీలు. పోయిన ఎండాకాలం మొదలువెట్టిన్రు."

"దేనికి గోలీలు?"

"మనసు బాగలేనోళ్లకు. ఊకె దిగులు పడెటోళ్లు, భయపడెటోళ్లు ఉంటరు గదా. మింగితే నెమ్మదైతరట. మంచి మందే అంటరు. మా తమ్ముడు కూడ డాక్టరు రాసిస్తె మింగిండు, మంచిగైండు." పండరి కాళ్లకు అంటిన తడి చూసి గొంతు తగ్గించాడు. "కని ఆ నీళ్లల్ల దిగకు సామీ. నేనైతే తాగనీకె ఇంటి కాడి నుంచే తెచ్చుకుంట."

పండరి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఎనిమిది రోజులుగా అతను బండ మీద కూర్చోక జనం బెంగపడి ఉన్నారు. బండ చుట్టూ కూర్చొని ఎదురు చూస్తున్నారు. అతన్ని చూసి లేచారు. సీసాలు చేతుల్లో ఉన్నాయి.

మనుషుల ముందు మాట్లాడాలంటే పండరికి భయమేసింది. ఇన్ని ముఖాలు తనవైపు తిరిగి ఉన్నాయని ఇప్పుడే చూసినట్టుంది. బండ పట్టుకొని నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. పైన గొట్టం ఉంది. మందు నీళ్లు కలుస్తున్నాయి. ఈ రొయ్యలు నన్ను చూసి రాలేదు. నా భయం పోయింది కూడా ఆ నీళ్లతోనే, నా సాధన ఏమీ లేదు. ఈ నీళ్లు తాగకండి, వీటిని తినకండి.

కొందరు నమ్మలేదు. ముసలామె శిష్యుడి మీద ఈర్ష్యతో ఇలా చెప్పించిందని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన, "భయం పోగొట్టే నీళ్లయితే మరీ మంచిది గదా" అని సీసా ముంచుకున్నాడు. పండరి అతని చెయ్యి పట్టుకోబోయాడు. ధైర్యం చాలలేదు. మెల్లమెల్లగా జనం చెదిరిపోయారు.

లింగవ్వ ఒక్కతే పోలేదు. బుట్ట పట్టుకొని అలాగే నిలబడింది. బుట్టలో రొయ్యలు నీళ్లు లేకున్నా ఎగరకుండా, కుదురుగా ఉన్నాయి.

"మాఘం సంది పిల్లలకు ఇవే వండిపెడుతున్న సామీ" అన్నది. "నువ్వు ముంచి ఇచ్చిన నీళ్లే తాపుతున్న."

పండరి చూపు బుట్ట మీదికి పోయింది.

"మా చిన్నదానికి ఆరేండ్లు. మస్తు పిరికిది ఉండె. బల్లిని చూసినా నా చాటుకు ఉరికొచ్చేది." ఆమె బుట్ట కిందికి దించింది. "మొన్న మాపటికి బాయి గట్టు అంచు మీద నడుస్తున్నది. నాకు పానం పోయినట్టైంది. మెల్లగ పిలిచిన. అది ఆగి, కిందికి బాయిలకు చూసింది. తర్వాత నా దిక్కు చూసి నవ్వింది. సామి దయ, బిడ్డకు భయం పోయింది అనుకున్న నేను."

ఆమె బుట్ట అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఊరి వైపు ఉరికింది.

పండరి గుట్ట ఎలా ఎక్కాడో అతనికి గుర్తు లేదు. బాగమ్మవ్వ అరుగు మీద కూర్చొని ఉంది. అతను వచ్చి ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"భయమైతుందవ్వా" అన్నాడు. "మళ్ల వచ్చింది. పదకొండేండ్లు కూసున్న. అంత వట్టిదే అయింది."

బాగమ్మవ్వ వాగు వైపు చూసింది. కింద వాగు మలుపు ఆఖరి వెలుతురులో మెరుస్తోంది. అక్కడి నుంచి చప్పుడు లేదు. కప్ప లేదు, కీటకం లేదు.

"గిదంత నీ భయమేనా?" అని అడిగింది.

పండరి తల ఎత్తాడు. అతను లోపలికి చూసుకున్నాడు. బావి గట్టు అంచున చిన్న పాదాలు ఉన్నాయి. వాటికింద నల్లటి నీళ్లు. ఎండలో తలలెత్తి నిలబడిన గాజుముక్కల్లాంటి ప్రాణులు ఉన్నాయి, కొంగ కాలిని మీసాలతో తడుముతూ. మళ్లీ మళ్లీ వెతికాడు. ఆ వణుకులో తాను ఎక్కడా లేడు.

మరునాడు పొద్దున్నే వాగుకు దిగే బాటలో, నడిమధ్యన, పండరి కూర్చొని ఉన్నాడు. సీసా పట్టుకొని మొదట వచ్చిన మనిషి తప్పుకోమన్నాడు. పండరి చేతులు వణుకుతున్నాయి. తప్పుకోలేదు. కాసేపటికి లింగవ్వ వచ్చింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకొని, అతని పక్కన బాటకు అడ్డంగా కూర్చుంది.